బావి ఎవరిది? బజారు ఎవరిది?

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) మక్కా నుంచి మదీనాకు వలస వచ్చిన తొలి రోజుల్లో ముస్లింలు పడ్డ ఇబ్బందుల్లో మంచినీళ్ల ఇబ్బంది ఒకటి. తియ్యటి నీళ్లున్న బావి రూమా బావి. అది ఒక్క మనిషి సొంతం. ఆయన నీళ్లు అమ్ముకునేవాడు. డబ్బున్నవాడు కొనుక్కునేవాడు, లేనివాడు దాహంతో ఉండేవాడు. ఆ బావిని కొని అందరికీ వదిలేసేవారికి స్వర్గంలో అంతకన్నా మేలైన ప్రతిఫలం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు.

యజమాని బావి మొత్తం అమ్మడానికి ఒప్పుకోలేదు. అప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) 12 వేల దిర్హములిచ్చి సగం వాటా కొన్నారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఒక రోజు ఆయన వంతు, మర్నాడు యజమాని వంతు. ఆయన వంతు రోజున జనం రెండు రోజులకు సరిపడా నీళ్లు ఉచితంగా తోడుకునేవారు. యజమాని వంతు రోజున బావి దగ్గరకు ఎవరూ వచ్చేవారు కారు. కొన్నాళ్లకు అతనే మిగిలిన సగాన్ని 8 వేల దిర్హములకు అమ్మేశాడు. ఆ తర్వాత బావి అందరిదీ అయింది. కొన్న మనిషికి అందులో ప్రత్యేక హక్కంటూ ఏమీ మిగల్లేదు. ఆయన బొక్కెన కూడా పదిమంది బొక్కెనల్లో ఒకటి.

ఈ సంఘటనను మనం సాధారణంగా హజ్రత్ ఉస్మాన్ (రజి) దాతృత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే. అయితే ఇందులో మరో పాఠం కూడా ఉంది. యజమాని మీద ఎవరూ దౌర్జన్యం చెయ్యలేదు, బావిని లాక్కోలేదు. అతని గుత్తాధికారం పోయింది ఎందుకంటే, జనానికి పక్కనే ఇంకో తలుపు తెరుచుకుంది. అంతవరకూ వాళ్లు అడిగిన ధర ఇచ్చింది ఇష్టమై కాదు, వేరే దారి లేక.

మా బన్సీలాల్‌పేట్ బావి

సికింద్రాబాద్‌లో మేముండే బన్సీలాల్‌పేట్‌కు కూడా ఒక బావి కథ ఉంది. ఇక్కడి మెట్లబావి 17వ శతాబ్దం నాటిదని అంటారు. ఈ పేటను నాగన్నకుంట అనేవారు. 1933లో బ్రిటిష్ రెసిడెంట్ కీస్ హయాంలో దీన్ని ఆదర్శ బస్తీగా తీర్చిదిద్దినప్పుడు విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు దీనికి వచ్చింది. ఆ బావి నీళ్లు పేట మొత్తానికి ఆధారంగా ఉండేవి. తర్వాత కుళాయిలు వచ్చాయి. నీళ్లు ఎక్కడినుంచో వస్తాయని తెలిశాక బావి ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. దశాబ్దాల పాటు అందులో చెత్త వేశారు. వేసినవాళ్లు పరాయివాళ్లు కాదు, మనమే. ఆ చెత్త పైకప్పులా పేరుకుపోయి, కింద బావి ఉన్న సంగతి కూడా కొత్తతరం మర్చిపోయింది.

రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ, ప్రభుత్వ విభాగాలు, స్థానికులు కలిసి 2021లో పూడిక తీత మొదలుపెట్టారు. లారీలకు లారీలు చెత్త బయటికి పోయింది. 2022 డిసెంబరు 5న బావిని తిరిగి ప్రారంభించారు. చెత్త తీసేశాక అడుగున ఊట అలాగే ఉంది. ఈ ఒక్క విషయం మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. ఊట ఎండిపోలేదు. మనం దాన్ని మూసేశాం, అంతే.

నీరు, గడ్డి, నిప్పు ఈ మూడింటిలో ముస్లింలు భాగస్వాములని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అబూదావూద్‌లో ఉంది. ధర్మవేత్తలు దీని పరిధిని విస్తరించి, జనమంతా ఆధారపడే వస్తువును ఒకరు బిగించి పట్టుకోవడం తగదని వివరించారు.

సంపద తిరగవలసిన దారి

దివ్యఖుర్ఆన్‌లో హష్ర్ సూరా 7వ ఆయతు మన విషయానికి మూలస్తంభం. బనూ నజీర్ తెగ విడిచివెళ్లిన ఆస్తుల పంపకం గురించి చెబుతూ, సంపద మీలోని ధనవంతుల మధ్యనే తిరుగుతూ ఉండిపోకూడదన్న ఉద్దేశాన్ని అల్లాహ్ అక్కడ స్పష్టం చేశాడు. ఆ ఆస్తిని దైవప్రవక్త (స) ప్రధానంగా ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన ముహాజిర్లకు, అన్సార్లలో అతి పేదలైన ఒకరిద్దరికీ పంచారు.

తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఇరాక్ మాగాణి భూములు చేతికి వచ్చినప్పుడు ఇదే ఆయతు ముందుకు వచ్చింది. భూములను సైనికులకు పంచిపెట్టాలని కొందరు సహాబాలు గట్టిగా కోరారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. ఇప్పుడే పంచేస్తే రేపు వచ్చే తరాలకు ఏం మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. హష్ర్ సూరాలోనే ముందు ముహాజిర్ల ప్రస్తావన, తర్వాత అన్సార్లది, ఆ తర్వాత వారి వెనుక వచ్చేవారి ప్రస్తావన ఉంది కదా, వెనుక వచ్చేవారికీ ఇందులో వాటా ఉందని ఆయన వాదించారు. చాలా రోజుల సలహా సంప్రదింపుల తర్వాత ఆ అభిప్రాయమే నిలిచింది. భూములు సాగుదారుల దగ్గరే ఉండిపోయాయి, వాటి శిస్తు ఉమ్మడి ఖజానాకు చేరింది.

అంటే ఇస్లాం పెద్ద వ్యాపారానికి వ్యతిరేకమా? కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ధనికులే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మహా ధనికులు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు రేటు కట్టమని కొందరు అడిగితే దైవప్రవక్త (స) నిరాకరించారు కూడా. ధర హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలోనివని, ఎవరి సొమ్ము విషయంలోనూ అన్యాయం చేసిన భారంతో తాను ప్రభువు ఎదుట నిలబడదలచుకోలేదని చెప్పారు. కాని అదే దైవప్రవక్త (స) సరుకు దాచిపెట్టి ధర పెంచేవాడిని పాపి అన్నారు. పల్లెల నుంచి వచ్చే సరుకును బజారుకు చేరకముందే ఊరి బయట ఎదురెళ్లి కొనెయ్యడాన్ని నిషేధించారు, ఎందుకంటే అమ్మేవాడికి బజారు ధర తెలియదు, కొనేవాడికి తెలుసు. మదీనాలో ముస్లింలకు బజారు స్థలం చూపించినప్పుడు దాన్ని ఎవరూ ఇరుకు చెయ్యకూడదని, అక్కడ సుంకం వసూలు చెయ్యకూడదని చెప్పినట్టు ఉల్లేఖనాలున్నాయి. ధరను వదిలేశారు గాని బజారు గుమ్మాన్ని వదల్లేదు. గుమ్మం ఒకరి చేతిలో పడ్డప్పుడు పాలకుడు ధర విషయంలో కూడా జోక్యం చేసుకోవచ్చని తర్వాతి ధర్మవేత్తలు చెప్పిన కారణం ఇదే.

ఇప్పుడు గుమ్మం దగ్గర ఎవరున్నారో చూడండి. ఒకప్పుడు గల్లీ చివర కిరాణాకొట్టు ఉండేది. ఇప్పుడూ ఉంది, కాని ఫోన్‌లో నొక్కితే నిమిషాల్లో ఇంటికి సరుకు పంపే కంపెనీలు వచ్చాయి. మొదట్లో తగ్గింపు ధరలు ఇస్తారు. కొట్టు మూతపడ్డాక ధర చెప్పేది వాళ్లే. కొట్టువాడు ఇచ్చినది సరుకు ఒక్కటే కాదు. నెలాఖరులో చేతిలో పైసా లేనప్పుడు ఖాతాలో రాసుకుని బియ్యం ఇచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో మన బస్తీల్లో ఎన్ని పొయ్యిలు ఈ ఖాతా పుస్తకం మీద వెలిగాయో మీకు తెలుసు. అది వడ్డీ లేని అప్పు. షరీఅత్ భాషలో ఖర్జ్. జనానికి అప్పులిచ్చి, ఇవ్వలేనివాడిని చూసీచూడనట్టు వదలమని పనివాళ్లకు చెప్పే వ్యాపారిని అల్లాహ్ కూడా అలాగే మన్నించి వదిలేశాడని బుఖారీ హదీసు. ఫోన్‌లోని కంపెనీకి మీ పిల్లవాడికి జ్వరం వచ్చిన సంగతి తెలియదు.

ఇక్కడ మన కొట్టువాళ్లకూ ఒక మాట. దైవప్రవక్త (స) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని నిలదీసి, మోసం చేసేవాడు మావాడు కాడన్నారు. పాత తేదీ ప్యాకెట్లు, తూకంలో కొసరు కోత ఇవన్నీ ఆ తడి ధాన్యమే. మనవాడని జనం వచ్చేది ఒక్కసారే.

"మరి నేనెక్కడికి పోవాలె?"

కిరాణా కంటే పెద్ద దెబ్బ తగిలేది అప్పు దగ్గర.

ఒక సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఒక స్త్రీ తన కొడుకును వెంటబెట్టుకుని మస్లా అడగడానికి మస్జిద్ గుమ్మం దగ్గరకు వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. కొడుకు ఫీజు కట్టాలి. పది మంది ఆడవాళ్లు గ్రూపు కడితే అప్పిచ్చే కంపెనీ ఉంది, వారం వారం కట్టాలి, అది తీసుకోవచ్చా అని అడిగింది. వడ్డీ ఎంతో అడిగాం. చెప్పింది. బఖర సూరాలో వడ్డీ గురించి వచ్చిన హెచ్చరిక వినిపించి, ఇది హరామ్ అమ్మా అన్నాం. ఆమె కాసేపు ఊరుకుని, "హజ్రత్, మరి నేనెక్కడికి పోవాలె?" అంది.

మా దగ్గర సమాధానం లేదు. సబర్ చెయ్యమన్నాం, దుఆ చేస్తామన్నాం. ఆమె సలాం చేసి వెళ్లిపోయింది. అప్పు తీసుకుందని తర్వాత తెలిసింది. మదర్సాలో ఏళ్ల తరబడి వడ్డీ అధ్యాయం చదివాం, చదివించాం. దేనికి ఏ హుకుం వర్తిస్తుందో చెప్పగలం. కాని మూసిన తలుపు పక్కన ఇంకో తలుపు తెరిచి పెట్టలేదు. బఖర సూరాలో వడ్డీని ఖండించిన ఆయతుల ముందూ వెనకా దానం గురించి, ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి గడువు ఇవ్వడం గురించి ఆదేశాలున్నాయి. మేము మధ్యలోది చదివి వినిపించి ఇరువైపులా ఉన్నది వదిలేశాం.

ఇటువంటి అప్పుల చరిత్ర మన రాష్ట్రంలోనే దేశమంతటికీ తెలిసింది. పేదలకు చిన్న అప్పులిచ్చే సేవగా మొదలైన సంస్థలు లాభాల కంపెనీలుగా మారాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో స్టాక్‌మార్కెట్‌కు వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండానే, అప్పుల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వసూళ్లు ఆపి నెలకోసారి, అదీ ఇంటి గుమ్మంలో కాక బహిరంగ ప్రదేశంలో తీసుకోవాలని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని నిబంధన పెట్టింది. తర్వాత అదే చట్టమైంది. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న కంపెనీలకు ఈ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ మధ్యలో 2020లో ఫోన్ అప్పుల యాప్‌లు వచ్చి, ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పంపి పరువు తీశాయి. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు వరుసగా అరెస్టులు చేశారు. చట్టం రావాలి, పోలీసులూ కావాలి. కాని ఫీజు తేదీ వాళ్ల కోసం ఆగదు కదా.

మనవాళ్లు చేసి చూపించినది

మనకు ఇది కొత్త కాదు. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా పేరు చాలామంది విన్నారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో బోధించి, తర్వాత జీవితంలో ఎక్కువ భాగం పారిస్‌లో గడిపిన ఈ మహా పండితుడు హైదరాబాద్‌లో నడిచిన వడ్డీలేని పరస్పర సహాయ సంఘాల గురించి లోకానికి రాసి చెప్పారు. ఉద్యోగులు, చిన్న జీతగాళ్లు నెలనెలా కొంత వేసుకుని, అవసరమైనవాడికి ఇచ్చుకుని, నెమ్మదిగా తిరిగి కట్టించుకున్న సంఘాలవి. దేవ్‌బంద్‌లో 1961లో ముస్లిం ఫండ్ మొదలైంది. మన హైదరాబాద్‌లో 1966లో మొదలైన తూర్ బైతుల్‌మాల్ నగలు కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పులిచ్చే పద్ధతి పాటించింది.

ముస్లిమేతర సోదరుల నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంది. ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో సంఘాలు రాజకీయాలతో కూలిపోయినా అది నిలబడింది. అక్కడి స్త్రీలే 2000లో సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పాలు వాళ్లవే. ఆ సంఘం అప్పుల్లో వడ్డీ ఉంది, ఆ విషయంలో మన దారి వేరు. కాని సభ్యుల డబ్బు సభ్యుల దగ్గరే ఉంచుకోవడం, లెక్కలు సభ్యుల ముందు చదవడం, పెద్ద కంపెనీతో బేరం ఒంటరిగా కాక ఉమ్మడిగా చెయ్యడం, ఇవి మనం మర్చిపోయిన మన విద్యలే. అష్అరీ తెగవారి దగ్గర ఆహారం తగ్గినప్పుడు ఉన్నదంతా ఒకే బట్టలో పోసి సమానంగా పంచుకునేవారని, వారు నావారు, నేను వారివాడినని దైవప్రవక్త (స) మెచ్చుకున్నారు.

చేదు నిజం కూడా చెప్పుకోవాలి. హలాల్ లాభం అన్న పేరుతోనే మనవాళ్లు మనవాళ్లను ముంచారు. బెంగళూరులో ఐఎంఏ వ్యవహారం 2019లో బయటపడ్డప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు రోడ్డున పడ్డాయి. కూతురి పెళ్లికి దాచినది, హజ్‌కు దాచినది పోయాయి. అక్కడ వడ్డీ అన్న మాట వాడలేదు. నెలనెలా ఇంత వస్తుందని చెప్పారు, గడ్డం, టోపీ చూసి జనం నమ్మారు. వేలమంది డబ్బు ఒక్కడి చేతిలో పడ్డప్పుడు, ఆ చేతి లెక్క అడిగేవాడు లేనప్పుడు, ఆ చెయ్యి ముస్లిందైనా ఫలితం మారదు. బఖర సూరాలోని అతి పొడవైన ఆయతు అప్పు రాసుకోవడం గురించే, సాక్షుల గురించే వచ్చిందని గుర్తుంచుకోండి. అది అపనమ్మకం కాదు, ఆదేశం.

మొహల్లాలో ఎలా మొదలుపెట్టాలి

లెక్క చూద్దాం. ఒక మస్జిద్ చుట్టూ 60 ఇళ్లు నెలకు 200 రూపాయలు వేస్తే నెలకు 12,000. ఏడాదికి 1,44,000. 10 వేల చొప్పున 14 ఇళ్లకు ఫీజు, ఆసుపత్రి, తోపుడుబండి వంటి అవసరాలు తీరతాయి. వాళ్లు నెలకు వెయ్యి చొప్పున కడుతూ ఉంటే నెలకు 14 వేలు తిరిగి వస్తాయి, అంటే నెలకు మరొకరికి సరిపోతుంది, కొత్త చందా వేరే. ఇది పెద్ద మొత్తం కాదు, ఇళ్లు కట్టడానికి పనికిరాదు. కాని ఆ తల్లి అడిగింది ఇల్లు కాదు.

కొన్ని మస్లాలు జాగ్రత్తగా తెలుసుకోవాలి. జకాత్ సొమ్మును ఈ నిధిలో వెయ్యకూడదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్‌కు హక్కుదారుణ్ని సొమ్ముకు యజమానిని చెయ్యాలి. అప్పుగా ఇచ్చి తిరిగి తీసుకుంటే జకాత్ నెరవేరదు. ఖుర్బానీ తోలు అమ్మిన డబ్బుకు కూడా ఇదే జాగ్రత్త. నిధికి ఐచ్ఛిక దానాలు, సభ్యుల పొదుపు వాడాలి. సభ్యుడు దాచుకున్న డబ్బును నిధి వాడుకుంటుందంటే అది నిధి మీద అప్పు, అడిగినప్పుడు తిరిగివ్వాలి. కాబట్టి మొత్తం అప్పులిచ్చేయకుండా కొంత చేతిలో ఉంచాలి. రిజిస్టరు, రసీదు ఖర్చులకు రుసుం తీసుకోవచ్చు. కాని అది నిజంగా అయిన ఖర్చుకు మించకూడదని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ నిర్ణయించింది. అప్పు పెరిగేకొద్దీ, గడువు పెరిగేకొద్దీ రుసుం పెంచుకుంటూ పోతే పేరు మారిన వడ్డీయే అవుతుంది. ఆలస్యానికి జరిమానా వేసి నిధిలో కలపడమూ కుదరదు.

చట్టం సంగతి. ఊరందరి దగ్గరా డిపాజిట్లు సేకరించడం 2019 చట్టం ప్రకారం నేరం కావచ్చు. సభ్యులతోనే, సభ్యుల కోసమే నడపాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకోవడం మంచిది. లెక్క ఇమామ్ సాబ్ ఒక్కడి చేతిలో పెట్టకండి. మేము ఇమామత్ చేసేవాళ్లమే, అందుకే చెబుతున్నాం. ముగ్గురు సంతకం చెయ్యాలి, అందులో వ్యాపారి ఒకరుండాలి. ఇంటి ఖర్చు స్త్రీల చేతి మీదుగా నడుస్తుంది కాబట్టి లెక్క వినే కూర్చోవడంలో వాళ్లకు పరదాతో చోటుండాలి. నెలకోసారి, తొలి జుమా తర్వాత, నిధిలో ఎంత ఉంది, ఎంత ఇచ్చాం, ఎంత వచ్చింది అని చదివి వినిపించాలి. తీసుకున్నవారి పేర్లు మాత్రం చదవకూడదు. ముస్లిమేతర పొరుగువాడు అడిగితే ఇవ్వచ్చా అని కొందరు అడుగుతారు. ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా. పొరుగువాడి హక్కు చెప్పిన హదీసుల్లో మతం షరతు లేదు.

ప్రతి అప్పుకు ఒక జామీనుదారు ఉండాలి. తీసుకున్నవాడు కట్టలేక చనిపోతే ఏం చెయ్యాలన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దైవప్రవక్త (స) దగ్గరకు ఒక జనాజా తెచ్చినప్పుడు, ఇతని మీద అప్పు ఉందా అని అడిగారు. రెండు దీనార్లున్నాయని చెప్పారు. దైవప్రవక్త (స) నమాజు చేయించకుండా వెనక్కి తగ్గారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) లేచి, ఆ రెండు దీనార్లు నా బాధ్యత అన్నారు. అప్పుడు నమాజు చేయించారు. మర్నాడు అబూ ఖతాదా (రజి) కనిపిస్తే, ఆ రెండు దీనార్లు ఏమయ్యాయని దైవప్రవక్త (స) అడిగారు. నిన్ననే కదా చనిపోయాడు అన్నారాయన. ఆ మర్నాడు మళ్లీ అడిగారు. కట్టేశాను దైవప్రవక్తా అన్నారు అబూ ఖతాదా (రజి). ఇప్పుడు అతని చర్మం చల్లబడింది అన్నారు దైవప్రవక్త (స).